వేడి ఎక్కడికి పోతుంది? పదార్థ స్థితులు, కణాల నడక

ఇనుము వేడెక్కితే దాని కణాలు ఉబ్బుతాయని, ఐసు కరిగేటప్పుడు దాని అణువులు మెత్తబడి ద్రవంగా మారతాయని, నీరు మరిగేటప్పుడు అణువులు తేలికై పైకి లేస్తాయని చాలామంది నమ్ముతారు. ఈ అభిప్రాయాలు విద్యార్థుల జవాబు పత్రాల్లోనే కాదు, చదువు ముగించి ఏళ్లు గడిచిన పెద్దల మాటల్లోనూ వినిపిస్తాయి. మూడూ తప్పే. ఐసులో ఉన్న నీటి అణువు, భద్రకాళి చెరువులో ఉన్న నీటి అణువు, ఇడ్లీ పాత్ర మూత కింది ఆవిరిలో ఉన్న నీటి అణువు ఒకే రకమైనవి. స్థితి మారినప్పుడు వాటి బరువు మారదు, పరిమాణంలోనూ నిర్మాణంలోనూ చెప్పుకోదగిన తేడా రాదు. మారేవల్లా ఒక అణువుకూ దాని పొరుగు అణువులకూ మధ్య ఉన్న దూరం, అమరిక, పట్టు. గట్టిదనం, పారే గుణం, ఇల్లంతా వ్యాపించే గుణం కణాల సమూహానికి చెందినవే తప్ప విడి కణానికి చెందినవి కావు. ఒక్క చుక్క నీటిలో కోటి కోట్ల కోట్లకు పైగా అణువులు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని విడిగా తీసి అది ఘనమా, ద్రవమా అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే ఉండదు. ఈ ఒక్క విషయం మనసులో స్థిరపడితే పదార్థ స్థితుల గురించిన చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే వీడిపోతాయని నా గట్టి నమ్మకం.

కణాల ప్రపంచంలో ఎప్పుడూ రెండు ధోరణులు పోటీ పడుతుంటాయి. ఒకటి కదలిక: ప్రతి కణం నిరంతరం కదులుతూనే ఉంటుంది, ఆ కదలికకు సంబంధించిన సగటు గతిశక్తినే మనం ఉష్ణోగ్రతగా కొలుస్తాం. రెండవది ఆకర్షణ: కణాలు దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మరీ దగ్గరైతే బలంగా నెట్టుకుంటాయి. ఆకర్షణది పైచేయి అయినచోట కణాలు తమ తమ స్థానాల్లోనే ఉండి కంపిస్తాయి, అది ఘనస్థితి. కదలిక కొంత పుంజుకుంటే కణాలు పొరుగువాటిని పూర్తిగా వదలకుండానే వాటి మీదుగా జారుతూ చోట్లు మార్చుకుంటాయి, అది ద్రవస్థితి. కదలిక ఆకర్షణను పూర్తిగా మించిపోతే కణాలు విడివడి, ఢీకొన్నప్పుడు తప్ప ఒకదానితో ఒకటి దాదాపు సంబంధం లేకుండా తిరుగుతాయి, అది వాయుస్థితి. తరగతి గదుల్లో దీన్ని వివరించడానికి బెంచీల మీద కూర్చున్న పిల్లలు ఘనమని, గదిలో తిరిగే పిల్లలు ద్రవమని, మైదానంలో పరుగెత్తే పిల్లలు వాయువని పోల్చి చెబుతుంటారు. పోలిక వినడానికి బాగానే ఉంటుంది గాని, దానిలో రెండు లోపాలు ఉన్నాయి. ఘనంలోని కణాలు కూర్చుని ఉండవు, ఎడతెగకుండా కంపిస్తూ ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, పిల్లల మధ్య లాగే బలమేదీ లేదు. ఆకర్షణను వదిలేసి కదలికను మాత్రమే చూపించే పోలిక, అసలు కథలో సగాన్ని మింగేస్తుంది.

కణాల ఈ నిరంతర చలనం ఊహ కాదు. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త, పుప్పొడి నుంచి వెలువడిన అతి సూక్ష్మమైన రేణువులు నీటిలో ఆగకుండా అటూ ఇటూ కదలడాన్ని సూక్ష్మదర్శినిలో గమనించాడు. నీటి అణువులు అన్ని వైపుల నుంచి అసమానంగా ఢీకొనడమే దీనికి కారణమని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టి చూపగా, జాఁ పెరిన్ ప్రయోగాలతో దాన్ని నిర్ధారించి 1926లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ముందుగా వ్యాకోచాన్ని చూద్దాం. కాజీపేట జంక్షన్ మీదుగా సాగే రైలు పట్టా ఎండాకాలపు మధ్యాహ్నం గాలి కంటే ఎక్కువ వేడెక్కి 60 డిగ్రీల దాకా చేరగలదు. చలికాలపు తెల్లవారుజామున అదే పట్టా 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉక్కు ప్రతి డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు 12 వంతులు పెరుగుతుంది కాబట్టి, అడ్డు లేకుండా వదిలేస్తే ఒక కిలోమీటరు పట్టా ఈ తేడాకు 54 సెంటీమీటర్లు సాగాలి. ఇందులో ఏ ఇనుప పరమాణువూ ఉబ్బలేదు. పక్కపక్క పరమాణువుల మధ్య దూరం మాత్రం పది వేల వంతులకు ఐదు వంతులు పెరిగింది, అంతే. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. కణం ఉన్నచోటనే ముందుకూ వెనక్కూ సమానంగా కంపిస్తే, కంపనం పెరిగినంత మాత్రాన సగటు దూరం ఎందుకు పెరగాలి? కంపనం రెండు వైపులా సమానం కాదు కాబట్టి. రెండు పరమాణువులను దగ్గరికి నొక్కితే వికర్షణ అతి వేగంగా పెరుగుతుంది. దూరం జరిపితే ఆకర్షణ నెమ్మదిగా సడలుతుంది. అందువల్ల శక్తి పెరిగిన కొద్దీ కణం లోపలి వైపుకు వెళ్లగలిగే దూరం కంటే బయటి వైపుకు వెళ్లగలిగే దూరం ఎక్కువవుతుంది, సగటు స్థానం బయటికి జరుగుతుంది. నేటి పొడవైన వెల్డింగు పట్టాలను మధ్యస్థమైన ఉష్ణోగ్రత దగ్గర స్లీపర్లకు గట్టిగా బిగిస్తారు కనుక అవి సాగలేవు. ఆ ఉష్ణోగ్రత దాటాక సాగవలసిన పొడవు పట్టా లోపల ఒత్తిడిగా నిలిచి ఉంటుంది. మండువేసవిలో పట్టాల మీద నిఘా పెంచేది ఆ ఒత్తిడి వల్ల పట్టా పక్కకు వంగకుండా చూసుకోవడానికే.

ఇక అసలు చిక్కుముడి స్థితి మార్పు దగ్గర ఉంది. ఐసును గిన్నెలో వేసి, థర్మామీటరు పెట్టి, సన్నని మంట మీద కలుపుతూ ఉంటే, చివరి ముక్క కరిగేదాకా పాదరసం సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మంట ఆగలేదు, వేడి గిన్నెలోకి వెళ్తూనే ఉంది, ఉష్ణోగ్రత మాత్రం పెరగడం లేదు. ఆ వేడి ఎక్కడికి పోయింది? స్కాట్లాండులో జోసెఫ్ బ్లాక్ 1760ల దశకంలో ఈ ప్రశ్నను పట్టుకుని, ఉష్ణోగ్రతలో కనిపించకుండా దాగే ఆ వేడిని కొలిచాడు. మన పుస్తకాల్లోని గుప్తోష్ణం అదే. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల శక్తి కావాలి. అదే శక్తిని ఒక కిలో చన్నీళ్లకు ఇస్తే అవి సున్నా నుంచి 80 డిగ్రీలకు చేరతాయి. ఒక కిలో నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి. సున్నా నుంచి వంద డిగ్రీలకు కాచడానికి పట్టేదానికి ఇది ఐదు రెట్లకు పైనే.

కణాల భాషలో దీని వివరణ సూటిగా ఉంటుంది. వేడి రూపంలో వచ్చిన శక్తికి రెండు దారులున్నాయి: కణాల కదలికను పెంచడం ఒకటి, కణాలను పరస్పర ఆకర్షణ నుంచి విడదీయడం రెండవది. మొదటి దారిలో వెళ్లిన శక్తి థర్మామీటరుకు కనిపిస్తుంది, రెండవ దారిలో వెళ్లినది కనిపించదు. కరిగేటప్పుడు, మరిగేటప్పుడు శక్తి అంతా రెండవ దారిలోనే పోతుంది. దీన్నుంచి చాలామందిని ఆశ్చర్యపరిచే ఒక ఫలితం వస్తుంది: 100 డిగ్రీల దగ్గర మరిగే నీటిలోని అణువుల సగటు గతిశక్తి, అదే 100 డిగ్రీల దగ్గర ఉన్న ఆవిరిలోని అణువుల సగటు గతిశక్తి సమానం. వాయువులోని కణాలు ద్రవంలోని కణాల కంటే ఎప్పుడూ వేగంగా కదులుతాయన్న మాట, ఒకే ఉష్ణోగ్రత దగ్గర పోల్చినప్పుడు, నిజం కాదు. ఆవిరి అణువుకు అదనంగా ఉన్నది వేగం కాదు, స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ కోసం చెల్లించిన 2,260 కిలోజౌళ్లూ, ఆవిరి తిరిగి నీరైనప్పుడు బయటికి వస్తాయి. మరిగే నీళ్లు చేతి మీద పడితే కలిగే గాయం కంటే అంతే బరువున్న ఆవిరి సోకితే కలిగే గాయం తీవ్రంగా ఉండడానికి కారణం ఇదే: చర్మం మీద ఆవిరి నీరుగా మారుతూ, దాచుకున్న శక్తినంతా అక్కడే వదులుతుంది.

నీరు వంద డిగ్రీల దగ్గరే ఆవిరవుతుందని నేర్చుకున్నవారికి, రోహిణి కార్తెలో ఆరేసిన బట్ట పావుగంటలో ఎలా ఆరుతుందన్నది సహజంగా వచ్చే సందేహం. సగటు అన్న మాటను మరిచిపోవడం వల్లనే ఈ సందేహం వస్తుంది. ద్రవంలోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. ఏ క్షణంలోనైనా కొన్ని నిదానంగా, ఎక్కువ భాగం మధ్యరకం వేగంతో, కొద్దిపాటి అణువులు చాలా వేగంగా కదులుతుంటాయి. ఆ వేగవంతమైన అణువు ఉపరితలం దగ్గర ఉండి, పైవైపుకు కదులుతున్నదైతే, పొరుగు అణువుల పట్టు నుంచి తప్పించుకుని గాలిలో కలిసిపోతుంది. బాష్పీభవనం ఇదే. అది ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా, ఉపరితలం నుంచి మాత్రమే జరుగుతుంది. వేగం ఎక్కువ ఉన్నవే వెళ్లిపోతాయి గనుక మిగిలినవాటి సగటు గతిశక్తి తగ్గుతుంది. అంటే మిగిలిన నీరు చల్లబడుతుంది.

మన ఇళ్లలో రంజన్ చేసే పని సరిగ్గా ఇదే. కాల్చిన మట్టి గోడలోని సన్నని రంధ్రాల ద్వారా నీరు బయటి ముఖానికి చెమరుస్తుంది, అక్కడ ఆవిరవుతుంది, అందుకు కావలసిన వేడిని కుండ నుంచీ లోపలి నీటి నుంచీ తీసుకుంటుంది. లెక్క వేసి చూస్తే దీని శక్తి తెలుస్తుంది. పది లీటర్ల నీటిలో 100 మిల్లీలీటర్లు, అంటే నూటికి ఒక వంతు, ఆవిరైందనుకుందాం. అందుకు సుమారు 240 కిలోజౌళ్లు పడతాయి. ఆ వేడి అంతా మిగిలిన నీటి నుంచే వస్తే అది దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది. వాస్తవంలో బయటి గాలి నుంచి కూడా కొంత వేడి లోపలికి చేరుతూ ఉంటుంది కాబట్టి చల్లదనం ఒక హద్దు దగ్గర నిలిచిపోతుంది. ఆ హద్దును నిర్ణయించేది గాలిలోని తేమ. ఉపరితలం నుంచి అణువులు బయటికి వెళ్లడమే కాదు, గాలిలోని నీటి అణువులు తిరిగి వచ్చి ఉపరితలాన్ని చేరడమూ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. వెళ్లేవాటికీ వచ్చేవాటికీ మధ్య తేడాయే మనకు తెలిసే బాష్పీభవనం. మే నెలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున నీటిని ఆవిరి చేసి సాధించగల చల్లదనం 24 డిగ్రీల దాకా దిగగలదు. వానాకాలంలో 33 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున అది 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎయిర్ కూలరు మండుటెండల్లో హాయినిచ్చి, జులైలో గదిని ఉక్కపోతతో నింపడానికి యంత్రంలో దోషమేమీ లేదు. బయటికి వెళ్లే అణువుల సంఖ్యకు సమీపంగా తిరిగి వచ్చే అణువులు ఉండడమే కారణం. చెమట ఆరకపోవడమూ అందుకే, తేమ ఎక్కువైన రోజున వడదెబ్బ భయం పెరగడమూ అందుకే.

మరగడం వేరు. మరిగేటప్పుడు ద్రవం లోపలే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నిలవాలంటే దానిలోని ఆవిరి పీడనం బయటి వాతావరణ పీడనానికి సమానం కావాలి. ఆ సమానత వచ్చే ఉష్ణోగ్రతే మరుగు స్థానం. అందువల్ల 100 డిగ్రీలన్నది నీటికి పుట్టుకతో వచ్చిన సంఖ్య కాదు, సముద్రమట్టపు పీడనానికి చెందిన సంఖ్య. సముద్రమట్టానికి 250 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న వరంగల్‌లో నీరు దాదాపు 99 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కుక్కరులో పీడనం వాతావరణానికి రెండింతలు కాగానే మరుగు స్థానం 120 డిగ్రీలకు చేరుతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. వంటగ్యాసు సిలిండరులో ఉన్నదీ ఇదే సూత్రం. ప్రొపేను మరుగు స్థానం సున్నాకు 42 డిగ్రీలు దిగువన ఉంటుంది, బ్యూటేనుది సున్నాకు దగ్గరగా ఉంటుంది. మన గది వేడిలో రెండూ వాయువులుగానే ఉండాలి, కాని సిలిండరు లోపలి పీడనం వాటిని ద్రవంగా పట్టి ఉంచుతుంది. పెద్ద మంట మీద ఎక్కువసేపు వాడినప్పుడు సిలిండరు అడుగు భాగం చల్లబడి బయట నీటి చెమ్మ పట్టడానికి, లోపల ఆవిరయ్యే ద్రవం ఆ వేడిని తననుంచీ లోహం నుంచీ లాగుకోవడం కారణం. సిలిండరును ద్రవంతో పూర్తిగా నింపకుండా సుమారు 15 శాతం ఖాళీ వదలడం కూడా, ఎండకు ద్రవం వ్యాకోచిస్తే చోటు ఉండాలనే.

చల్లబరచడం అంటే చలిని లోపలికి పంపడం కాదు. చలి అనే వస్తువు లేదు. కణాల నుంచి శక్తిని బయటికి తీయడమే చల్లబరచడం. కదలిక తగ్గిన కొద్దీ ఆకర్షణ పైచేయి సాధిస్తుంది, ఆవిరి నీరవుతుంది, నీరు ఐసవుతుంది, ఏ మెట్టు దగ్గర ఎంత శక్తి మింగబడిందో అంతా అదే మెట్టు దగ్గర తిరిగి బయటపడుతుంది. ఉత్తర తెలంగాణ రైతుకు ఈ సూత్రం చేసే నష్టం ఎంతో పెద్దది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, 40 డిగ్రీలకు చేరువైన ఎండ కాసిన రోజునే, సాయంత్రానికి రాళ్లవాన కురిసి మామిడి పిందెలను, కోతకొచ్చిన మొక్కజొన్నను, వరిని నేలపాలు చేస్తుంది. అంత ఎండలో ఐసు ఎక్కడిది? నేల దగ్గర వేడెక్కిన తేమగాలి పైకి లేస్తుంది, పీడనం తగ్గి వ్యాకోచించడం వల్ల చల్లబడుతుంది, దానిలోని ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. అలా మారే ప్రతి కిలో ఆవిరి సుమారు 2,500 కిలోజౌళ్ల వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇస్తుంది. ఆ వేడితో గాలి మరింత తేలికై ఇంకా పైకి ఎగబాకుతుంది. ఉరుముల మేఘాన్ని పది కిలోమీటర్లకు మించిన ఎత్తుకు లేపే బలం ఈ గుప్తోష్ణానిదే. చల్లదనం పుట్టే చోటికి గాలిని మోసుకుపోయేది, విచిత్రంగా, స్థితి మార్పులో విడుదలైన వేడి.

ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటితే మేఘంలో ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పోతుంది, అయినా అక్కడి నీటి బిందువులు వెంటనే గడ్డకట్టవు. కణాల అమరికకు ఒక ఆరంభం కావాలి; ధూళి రేణువో, ఐసు స్ఫటికమో ఆధారంగా దొరికితేనే అణువులు క్రమంలో చేరడం మొదలవుతుంది. ఆధారమేదీ లేని స్వచ్ఛమైన సూక్ష్మ బిందువులు సున్నాకు 38 డిగ్రీలు దిగువ వరకు ద్రవంగానే ఉండగలవు. ఇలా అతిగా చల్లబడిన బిందువులు ఐసు రేణువును తాకిన మరుక్షణం గడ్డకట్టి దానికి అతుక్కుంటాయి. పైకి వీచే గాలి ఆ గడ్డను మోయలేనంత బరువయ్యేదాకా పొర మీద పొర చేరుతుంది. ఆ తర్వాత అది కొన్ని నిమిషాల్లో వేడి గాలిని దాటుకుని నేలకు చేరుతుంది. కిలోకు 334 కిలోజౌళ్లు కావాలన్న నియమం వల్లనే ఆ కొద్ది నిమిషాల్లో పెద్ద రాయి పూర్తిగా కరగదు. చిన్నవి మాత్రం దారిలోనే కరిగి వాన చినుకులవుతాయి.

ఘనీభవించేటప్పుడు కణాలు మరింత దగ్గరవుతాయన్నది చాలా పదార్థాల విషయంలో నిజం, నీటి విషయంలో కాదు. ఆసిఫాబాద్ ప్రాంతపు ఓజ కళాకారుల డోక్రా పనితనంలో మొదటి రకాన్ని చూడవచ్చు. 2018లో ఆదిలాబాద్ డోక్రాగా భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో, మట్టి దిమ్మ మీద తేనెమైనంతో రూపాన్ని అల్లి, పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం అరవై డిగ్రీలు దాటగానే కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి తొమ్మిది వందల డిగ్రీలు దాటిన కరిగిన ఇత్తడిని పోస్తారు. మైనం అణువుల మధ్య పట్టు బలహీనం, లోహ పరమాణువుల మధ్య పట్టు అతి బలం. రెండు ద్రవీభవన స్థానాల మధ్య ఉన్న ఈ అగాధం మీదనే ఆ కళ అంతా నిలబడి ఉంది. పోసిన ఇత్తడి గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది, చేయి తిరిగిన కళాకారుడు దానికి తగ్గట్టు లోహాన్ని పోస్తాడు. నీరు దీనికి విరుద్ధం. 4 డిగ్రీల దగ్గర దాని సాంద్రత గరిష్ఠం. అంతకంటే చల్లబడితే అది వ్యాకోచించడం మొదలుపెడుతుంది, ఐసు అయినప్పుడు దాని ఘనపరిమాణం తొమ్మిది శాతం పెరుగుతుంది. ఐసులో ప్రతి అణువూ సరిగ్గా నాలుగు పొరుగు అణువులతో, నిర్ణీతమైన దిశల్లో హైడ్రోజన్ బంధాలతో ముడిపడుతుంది. ఆ అమరిక లోపల ఖాళీ ఎక్కువ. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలడానికి వాటి లోపలి గాలి రంధ్రాలు కారణమైతే, ఐసు తేలడానికి అణువుల అల్లికలోని ఖాళీలే కారణం. ఫ్రీజరులో మూత బిగించిన సీసా పగిలేదీ ఆ ఖాళీల వల్లనే.

చివరగా ఒక సంగతి చెప్పాలి. ఘనం, ద్రవం, వాయువు అనే మూడు గదులకు మధ్య గోడలు అన్నిచోట్లా ఉండవు. మూసిన పాత్రలో నీటిని వేడి చేస్తూ పోతే, పైన చేరే ఆవిరి పీడనంతో పాటు చిక్కబడుతుంది, కింది నీరు వ్యాకోచించి పలుచబడుతుంది. 374 డిగ్రీల దగ్గర, వాతావరణానికి 218 రెట్ల పీడనం వద్ద, రెండింటి సాంద్రత సమానమై నడుమ ఉన్న ఉపరితలం మాయమవుతుంది. ఆ పైన ద్రవమని, వాయువని విడదీసి చెప్పే వీలు లేదు, మరగడం అనే ఘట్టమే ఉండదు, గుప్తోష్ణం సున్నా అవుతుంది. ఇది ప్రయోగశాలకు పరిమితమైన విచిత్రం కాదు. రామగుండంలో ఎన్టీపీసీ పాత 500 మెగావాట్ల యూనిట్లలో నీరు మరిగి ఆవిరవుతుంది కాబట్టి, ఆ రెండింటినీ వేరుచేసే పెద్ద ఉక్కు డ్రమ్ము బాయిలరు పైభాగాన ఉంటుంది. అక్కడే కొత్తగా వచ్చిన 800 మెగావాట్ల యూనిట్లు ఈ హద్దుకు పైన, సూపర్‌క్రిటికల్ పీడనం వద్ద పనిచేస్తాయి. పూర్తి స్థాయిలో నడుస్తున్నప్పుడు వాటి గొట్టాల్లో వేరుచేయవలసిన రెండు స్థితులు లేవు గనుక, వాటి బాయిలర్లకు ఆ డ్రమ్ము లేదు.